సాత్విక్ ఓడిన ఆటలు

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరెత్తితే చాలు, కోనసీమ వాళ్లం ముందుగా చెప్పుకునేది 565. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బ్యాడ్మింటన్ స్మాష్, గిన్నిస్ రికార్డు. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని యోనెక్స్ జిమ్‌లో, పదేళ్లుగా టాన్ బూన్ హియాంగ్ పేరిట ఉన్న 493ని దాటేశాడు. గొప్పే. కానీ అది వేగం కొలవడం కోసం కొట్టిన దెబ్బ. బర్మింగ్‌హామ్‌లో ఉంటూ మా అమలాపురం కుర్రాడి ఆటని వెంటబడి చూసే కొత్తపేటవాడిగా నాకు అంతకన్నా విలువైనవి అతను ఓడిన మ్యాచ్‌లు.

2022లో కామన్వెల్త్ క్రీడలు మేముండే ఊరికే వచ్చాయి. మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో సాత్విక్, అతని డబుల్స్ జోడీ చిరాగ్ శెట్టిలను మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్ ఓడించింది. వారం తిరక్కుండానే, ఆగస్టు 8న, ఇంగ్లండ్ జోడీతో డబుల్స్ ఫైనల్. ఆట మొదలవబోతుంటే కొత్తపేట నుంచి మావయ్య ఫోను.

"ఏరా, మనోడు దగ్గరగా కనపడతన్నాడా?"

"ఇదిగో, ఎదురుగానే ఉన్నాడు మావయ్యా."

కోర్టు వెనక నుంచి సాత్విక్ గాల్లోకి లేచేవాడు. ఎడమ చెయ్యి కాక్ వైపు చాచి, ఒక్క క్షణం అక్కడే నిలబడ్డట్టు కనిపించి, దించేవాడు. చప్పుడు మన చెవిన పడేసరికే కాక్ అవతలి కోర్టులో ఉండేది. వాళ్లు ఎలాగో తిప్పికొట్టినా, నెట్ దగ్గర మోకాళ్లు వంచి కాచుకున్న చిరాగ్ వదిలేవాడు కాదు. 21-15, 21-13. స్వర్ణం.

ఆ నెలాఖర్లోనే టోక్యోలో ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీస్. మళ్లీ చియా, సో. మొదటి గేమ్ గెలిచి కూడా మ్యాచ్ పోగొట్టుకున్నారు. 2023 జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో గానీ ఆ జోడీ మీద తొలి గెలుపు దక్కలేదు. ఆ ఏడాదే ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకు. ఇక ఒలింపిక్ పతకం ఖాయమనుకున్నాం. 2024లో పారిస్ క్వార్టర్స్‌లో ఎదురైందీ వాళ్లే. మొదటి గేమ్ 21-13తో మనది, తర్వాతి రెండూ వాళ్లవి.

2025 ఫిబ్రవరిలో, కొడుకు ఖేల్‌రత్న అందుకోవాల్సిన వేళ, సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం గారు గుండెపోటుతో పోయారు. ఆయన వ్యాయామ ఉపాధ్యాయులు, స్వయంగా ఆటగాడు. చిన్న వయసులోనే పిల్లాణ్ణి హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి పంపిన ఇల్లు అది. మూడు వారాలకే సాత్విక్ ఆల్ ఇంగ్లండ్ టోర్నీకి బర్మింగ్‌హామ్ వచ్చాడు. రెండో రౌండ్లో చిరాగ్ నడుంనొప్పితో ఆట మధ్యలోనే ఆగిపోయింది. బయటికి నడుస్తున్న సాత్విక్‌ని తెలుగులో పిలిచి ఒక్క మాట చెప్పాలనిపించింది. గొంతు పెగల్లేదు.

ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ పారిస్‌లో, ఒలింపిక్స్‌లో ఓడిన ఆ హాల్లోనే జరిగింది. క్వార్టర్స్‌లో మళ్లీ చియా, సో. ఈసారి 21-12, 21-19. మనవాళ్లదే. సెమీస్‌లో చైనా జోడీ చేతిలో ఓడి కాంస్యం తెచ్చుకున్నారు.

"కంచేనంట్రా" అని మావయ్య ఫోన్లో నొచ్చుకున్నాడు. నేను మాత్రం ఆ శనాదివారాల్లో మా పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి పారిస్ క్వార్టర్స్ రెండూ పూర్తిగా చూపించాను. ముందు 2024లో ఓడింది, తర్వాత 2025లో గెలిచింది.