దేవనహళ్ళి దారి

బెంగుళూరులో మూడు తరాలుగా కాపురమున్న మాబోటివారికి విమానం వింతవస్తువు కాదు. మా తాతగారి కాలంలోనే, 1940 డిసెంబరులో, వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వం తోడ్పాటుతో యీ వూళ్ళో విమానాల కర్మాగారం పెట్టారు. తలమీద చప్పుడైతే మేడమీదికి పరుగెత్తడం మేము చిన్నతనంలోనే మానేశాము. అయినా మొన్న ఒక ఆదివారం పనిగట్టుకొని విమానాలు చూడడానికే బయలుదేరాను. కారణం మావాడు. డిప్లొమా చదువుతున్నాడు, కొత్త యంత్రం ఏది కనబడినా వాడికి నిద్రపట్టదు.

"నాన్నా, యింకొన్నేళ్ళు పోతే బనశంకరి నుంచి దేవనహళ్ళికి పావుగంటే. టాక్సీ ఎక్కినట్టు ఎక్కడమే" అన్నాడు, ఫోనులో ఒక బొమ్మ చూపించి. తూనీగలా వున్నది. రెక్కల పొడుగునా చిన్న చిన్న పంకాలు.

నేను బదులు చెప్పలేదు. దేవనహళ్ళి దారి మాట మా యింట్లో ఆచితూచి ఎత్తుతారు.

నాలుగేళ్ళ క్రితం విశాఖపట్నంలో మా బావగారు పోయారు. కబురు తెల్లవారుజామున వచ్చింది. పదిన్నర విమానానికి టిక్కెట్టు దొరికింది. ఆరూ నలభై అయిదుకు యిల్లు వదిలాను. ముందురాత్రి నుంచి వాన. దారిలో ఒకచోట చెట్టు కూలింది, యింకొకచోట వంతెన కింద నీళ్ళు నిలిచాయి. తొమ్మిదీ యాభైకి విమానాశ్రయం చేరేసరికి కౌంటరు మూసేశారు. గాలిలో ప్రయాణం గంటా నలభై నిమిషాలు. నేలమీద నాకు పట్టినది మూడు గంటల అయిదు నిమిషాలు. అక్క పుట్టింటివాళ్ళ కోసం సాయంత్రం దాకా ఆగింది. పొద్దుగూకేలోపల కానిచ్చారు. నేను చేరేసరికి రాత్రి. అక్క ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

సరే, ఆదివారం సంగతి. ముందు పాత విమానాశ్రయం రోడ్డులో వున్న హాల్ వారి మ్యూజియానికి వెళ్ళాము. 2001లో తెరిచారు. బెంగుళూరు వచ్చే బంధువులను లాల్‌బాగుకు తీసుకుపోతాము కాని యిక్కడికి తీసుకురాము, తేవలసినదే. లోపల 1940 మొదలుకొని పదేళ్ళకొక వరుసగా ఫోటోలు. బయట చెట్ల నీడన అసలు విమానాలు. 1951లో మొదటిసారి ఎగిరిన హెచ్.టి.-2 అనే శిక్షణ విమానం వున్నది. మన దేశస్థులు గీసి, మన దేశంలో కట్టినది. పక్కన మారుత్. జర్మనీ నుంచి వచ్చిన కుర్ట్ టాంక్ గారి ఆధ్వర్యంలో తయారై 1961 జూన్ 17న ఎగిరింది. సన్నని నడుము, సూదిముక్కు. అంత చక్కని విమానానికి తగిన ఇంజను మాత్రం కడదాకా దొరకలేదు. ఇంజను కుదరక అనుకున్న వేగం అందుకోలేకపోయింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1958లో యీ కర్మాగారమే ఫ్లైయింగ్ క్లబ్బుల కోసం ఇద్దరు కూర్చునే చిన్న విమానం చేసి పుష్పక్ అని పేరు పెట్టింది. పుష్పకమంటే మా ఆఫీసులో ఒక పెద్దాయన వైమానిక శాస్త్రం ఎత్తుతారు. అదీ మా చుట్టుపక్కల పుట్టినదే. ఆనేకల్ సుబ్బరాయశాస్త్రి గారు చెప్పగా రాసుకొన్నది. 1974లో యిక్కడి సైన్సు ఇన్‌స్టిట్యూటు వారు పరీక్షించి, అందులోని విమానాలు ఎగరజాలవనీ, గ్రంథం 1904కు ముందుది కాదనీ తేల్చారు. పెద్దాయనతో వాదించి లాభం లేదు. కాఫీ ఇప్పిస్తే వూరుకుంటారు.

మావాడికి పాతవాటిమీద మనసు లేదు. మారుత్ రెక్కకింద బెంచీమీద కూర్చొని కొత్తవాటి మర్మం చెప్పాడు. హెలికాప్టరుకు తలమీద ఒకే పెద్ద పంకా; దానిని తిప్పడానికి పళ్ళచక్రాలూ, ఇరుసులూ, బోలెడు చప్పుడూ. కరెంటు మోటారు చిన్నది, తేలిక. కాబట్టి ఒకటి బదులు ఆరో, ఎనిమిదో పెట్టవచ్చు. ఒకటి ఆగినా మిగిలినవి మోస్తాయి. నిట్టనిలువుగా లేచి, తర్వాత రెక్కల మీద ముందుకు సాగుతుంది. రన్‌వే అక్కరలేదు, మేడమీది జాగా చాలు.

"మరి ఆలస్యమెందుకు?" అన్నాను.

"బ్యాటరీ, నాన్నా."

లెక్క అడిగాను; గుమాస్తాను కదా. విమానం పెట్రోలు కిలోకు సుమారు 12 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి వుంటుందట. మంచి లిథియం బ్యాటరీ కిలోకు పావు యూనిటు. ఇంజను కంటె మోటారు పొదుపుగా వాడుకుంటుంది, ఆ మాట నిజమే; అయినా తేడా చాలా వున్నది. పైగా పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు బరువే. నిలువుగా లేచేటప్పుడూ, దిగేటప్పుడూ శక్తిని గుటగుట తాగుతుంది. 2020 జూన్‌లో యూరపు అధికారుల అనుమతి పొందిన మొదటి కరెంటు విమానం వెలిస్ ఎలెక్ట్రో రన్‌వే మీద లేచేదే, ఇద్దరికే చోటు. అదీ గాలిలో వుండేది గంటలోపే. మారుత్‌కు ఇంజను, దీనికి బ్యాటరీ. ఒడలు సిద్ధం, వూపిరి చాలదు.

డబ్బు సంగతీ అంతే. ప్యారిస్ ఒలింపిక్సులో జనాన్ని ఎక్కిస్తామన్న జర్మనీ వోలోకాప్టరు ఆ పని చేయలేక 2024 డిసెంబరులో దివాలా అర్జీ పెట్టుకొన్నది. చైనాలో మాత్రం నడిపేవాడే లేని ఇద్దరి వాహనానికి 2023 అక్టోబరులో సర్కారు అనుమతి దొరికింది. మన దేశంలోనూ, బెంగుళూరులోనూ, చెన్నపట్నంలోనూ కుర్రవాళ్ళు పట్టుదలగా పనిచేస్తున్నారు. మన నాల్ వారి హంస విమానాన్ని కరెంటుతో నడిపే ఇ-హంసగా చేస్తామని 2025 మేలో ప్రకటించారు.

మ్యూజియం నుంచి జక్కూరు పోయాము. మైసూరు మహారాజావారి నాటి చిన్న ఏరోడ్రోము. పైలట్లకు చదువు చెప్పేది. రోడ్డుపక్క టీ కొట్టు దగ్గర నిలబడితే విచిత్రం కనబడుతుంది. దేవనహళ్ళికి పోయే ఎత్తురోడ్డు యీ రన్‌వే కొస పక్కగా కట్టారు. విమానాలు దిగడానికి ఆ ఎత్తు అడ్డమై, రన్‌వేనే కుదించుకోవలసి వచ్చింది. ఒక విమానాశ్రయానికి దారి వేయబోయి యింకొక దాన్ని నొక్కారన్నమాట. 2008 మే నెలలో దేవనహళ్ళి తెరిచి వూళ్ళోని పాతదానిలో ప్రయాణీకుల సర్వీసులు ఆపినప్పటి నుంచీ మాకు యీ దారి తిప్పలే. 2018లో ఎలక్ట్రానిక్ సిటీకి హెలికాప్టరు టాక్సీ అన్నారు, పదిహేను నిమిషాలన్నారు. నా జీతంవాడికి ఆ ఛార్జీ వినడానికే. కొన్నాళ్ళకు ఆ సందడే వినబడలేదు.

టీ తాగుతూ మావాడు మెల్లగా అడిగాడు: "ఆ రోజు యిటువంటిది వుంటే అందుకునేవాడివి కదా నాన్నా?"

చాలాసేపు ఆలోచించాను. నిజం చెప్పాలి కదా. "ఆ రోజు గాలివానరా. చెట్టును కూల్చిన గాలిలో యీ తూనీగను ఎగరనిస్తారా?" అన్నాను. వాడు కాసేపు వూరుకొని, "పెద్ద విమానం ఎగిరింది కదా" అన్నాడు. అవును, ఎగిరింది. నేను లేకుండా.

ఎత్తురోడ్డు మీద వాయువజ్ర బస్సు ఒకటి దీపాలు వేసుకొని విమానాశ్రయం వైపు పోతున్నది. కిటికీలో ఎవరో ముసలమ్మగారు ఒళ్ళో సంచీ పెట్టుకొని కూర్చున్నారు.

సంక్రాంతికి అక్క దగ్గరికి వెళ్ళాలని టిక్కెట్లు తీసుకొన్నాము. విమానం మధ్యాహ్నం రెండింటికి. ఎనిమిదింటికే బయలుదేరుదామని మా ఆవిడ పట్టు. పులిహోర కట్టుకొని పోయి అక్కడే తిందామంటున్నది. నేను ఏడున్నరకు అన్నాను.