కిట్టు మీద గీత ఏంటో తెలుసుకున్నాం



మేము ముగ్గురం. డిగ్రీ రెండో సంవత్సరం, ఒకే హాస్టలు, ఒకే రూము. ముగ్గురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

పోయిన వానాకాలం సెలవులకి ముగ్గురం మాలో ఒకడి ఊరికి వెళ్లాం. మూడో రోజు వాడికే చలిజ్వరం పట్టుకుంది. రెండు రగ్గులు కప్పినా వణుకు ఆగలేదు. ఆశా అక్క వచ్చి వేలు గుచ్చి, కిట్టులో రక్తం చుక్క వేసి, దాని మీద మందు చుక్కలు వేసింది. కాసేపటికి రెండు గీతలు తేలాయి. "పీఎఫ్ రా తమ్ముడూ" అంది. మాత్రలు మింగాడు, తగ్గింది.

మన ఏజెన్సీలో పీఎఫ్, పీవీ అనే మాటలు తెలియని ఇల్లు లేదు. కానీ ఆ గీత దేనిదని మేము ఎప్పుడూ అడగలేదు. హాస్టలుకి తిరిగొచ్చాక మా మేడమ్‌ని అడిగాం. ఒక గీత కిట్టు పనిచేస్తోందని చెప్పేది. రెండోది పరాన్నజీవి మన రక్తంలో వదిలిన ప్రోటీను వల్ల తేలేది. పీఎఫ్ అయితే ఆ ప్రోటీను పేరు హెచ్‌ఆర్‌పీ2. "ఆ పురుగు ప్రోటీన్ల మీదే టీకాలు కూడా చేస్తున్నారు, సెమినార్‌కి అదే తీసుకోండి" అంది మేడమ్. అలా మొదలైంది.

మేము అర్థం చేసుకున్నది మన మాటల్లో చెప్తాం. దోమ కుట్టగానే జ్వరం రాదు. పరాన్నజీవి ముందు కాలేయంలోకి పోయి, పీఎఫ్ అయితే వారం దాకా అక్కడే పెరుగుతుంది. అప్పుడు మనకేమీ తెలీదు. తర్వాత రక్తంలోకి దిగి ఎర్ర కణాల్లో దూరుతుంది. ఒక్కో కణంలో 48 గంటల్లో పదహారో ఇరవయ్యో, ఒక్కోసారి ముప్పై దాకానో అయి, కణాన్ని పగలగొట్టి బయటికొస్తాయి. మళ్లీ కొత్త కణాలు. మన ముసలోళ్లు రోజు విడిచి రోజు జ్వరం అంటారే, అది ఈ లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకటి, 2023లో ఇంకొకటి, రెండు మలేరియా టీకాలు సిఫారసు చేసింది. రెండూ కాలేయానికి చేరకముందే పురుగుని ఆపడానికి చేసినవి. ఒక్కటి తప్పించుకుని రక్తంలో పడినా మళ్లీ వేలవుతుంది. అందుకే రక్తంలో ఆపే టీకా కూడా కావాలని వెతుకుతున్నారు.

మా అవ్వ ఒకరు ఎప్పుడూ అంటుంది, "పెద్దోళ్ల ఒంట్లో జరం పడుకునుంటది, పిల్లల్నే తినేస్తది" అని. అది వట్టి మాట కాదు. 1961లో ఆఫ్రికాలోని గాంబియాలో పెద్దవాళ్ల రక్తం నుంచి యాంటీబాడీలు తీసి, మలేరియాతో ఉన్న పిల్లలకి ఎక్కించారు. పిల్లల రక్తంలో పురుగులు బాగా తగ్గాయి. అంటే మాటిమాటికీ జ్వరం పడి బతికిన ఒళ్లు ఏదో నేర్చుకుంటుంది. అది ఏ ప్రోటీన్లని గుర్తుపడుతోంది అన్నదే అప్పటినుంచీ వెతుకులాట.

మొదట్లో ఏఎంఏ1 అనే ప్రోటీను మీద చాలా ఆశ పెట్టుకున్నారు. మాలి దేశంలో పిల్లల మీద పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. టీకాలో ఏ రకం వాడారో అదే రకం పురుగు మీద 64 శాతం పనిచేసింది. మొత్తం మీద చూస్తే పెద్దగా పనిచేయలేదు. ఎందుకంటే ఆ ప్రోటీను ఊరికొక రూపంలో ఉంటుంది. పోడు చేలో పంది పడే దారి రోజూ మారినట్టన్నమాట, నిన్నటి దారిలో కాపు కాస్తే ఏం లాభం?

అదే సంవత్సరం ఇంకో సంగతి తేలింది. పీఎఫ్ పురుగు ఏ రకమైనా సరే, ఎర్ర కణంలో దూరాలంటే దాని ఆర్‌హెచ్5 ప్రోటీను మన కణం మీదున్న బేసిజిన్‌ని పట్టుకోవాల్సిందే. పైగా ఆర్‌హెచ్5 పెద్దగా రూపం మార్చుకోదు. పంది ఎటు తిరిగినా దాటక తప్పని వాగు అది. మంచె అక్కడ వేయాలి. కాకపోతే కణంలో దూరడానికి పురుగుకి ఒకటి రెండు నిమిషాలే పడుతుంది, కాబట్టి యాంటీబాడీలు ముందే దండిగా ఉండాలి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఆర్‌హెచ్5 టీకాని బుర్కినా ఫాసోలో 5 నుంచి 17 నెలల పిల్లలకి వేశారు. మూడో డోసు ఆలస్యంగా ఇచ్చిన పిల్లల్లో ఆరు నెలల పాటు 55 శాతం రక్షణ కనిపించిందని 2024 డిసెంబరులో ప్రకటించారు. పీవీకి మాత్రం ఇది పనికిరాదు, దానికి ఆర్‌హెచ్5 లేదు. అది డఫీ అనే వేరే గుమ్మం గుండా పోతుంది, దాని టీకా వేరేగా చేస్తున్నారు.

సెమినార్ బాగానే అయింది. చప్పట్లు కొట్టారు. రాత్రి రూములో మాలో ఒకడు అన్నాడు, "ఈ టీకా అప్పుడుండుంటే మా చెల్లి ఉండేదిరా". నాలుగేళ్ల పిల్ల. జ్వరం తలకెక్కింది. డోలీ మీద రోడ్డు దాకా తెచ్చేసరికే అయిపోయింది. మేము ఇంకేమీ మాట్లాడలేకపోయాం.

తర్వాత ఇంకో మాట వచ్చింది. రేపు ఇలాంటి టీకా పరీక్ష మన ఊళ్లకి వస్తే సంతకం పెడతామా? వాడు పెడతానన్నాడు. ఇంకొకడు పెట్టనన్నాడు. వాడు గుర్తుచేసింది 2009 సంగతి. అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాని ఒక అధ్యయనం కింద వేశారు. అందులో మన హాస్టళ్ల పిల్లలు చాలామంది. ఎన్నో ఫారాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత చనిపోయిన పిల్లల చావులకి టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. టీకా చెడ్డదని మేమూ అనడం లేదు. అడగకుండా వేయడం గురించే మా బాధ.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పురుగుని చూశాడు. నోబెల్ వచ్చింది. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమకి ఒక అణా ఇచ్చారు. రాస్ పేరు మా పుస్తకంలో ఉంది, ఖాన్ పేరు లేదు.

మా ముగ్గురికీ ఇంకా ఒక మాట కుదరలేదు. కుదిరినంత వరకు చెప్తాం. పరీక్ష వస్తే మన భాషలో చెప్పాలి, అమ్మానాన్నే ఒప్పుకోవాలి, వద్దంటే వదిలేయాలి, ఏమైనా అయితే వైద్యం వాళ్లదే. ఇవి ఒప్పుకుంటే పెట్టనన్నవాడు కూడా ఆలోచిస్తానన్నాడు. ఇంకోటి, మైక్రోస్కోపు ఇటువైపు కూడా మనవాళ్లు కూర్చోవాలి. మాలో ఇద్దరం ఎంఎస్సీ ఎంట్రన్స్ రాస్తున్నాం.

ఈలోపు టీకా కోసం కూర్చోకండి. దోమతెర చేపల వలకి, చేను కంచెకి వాడకండి. పీవీకి ఇచ్చే 14 రోజుల మాత్రలు జ్వరం తగ్గిందని మధ్యలో మానకండి, పురుగు కాలేయంలో దాక్కుని మళ్లీ వస్తుంది. పిల్లలకి ఒళ్లు వెచ్చబడితే అదే రోజు ఆశా అక్క దగ్గరికి తీసుకెళ్లండి. గీత తేలితే అదేంటో ఇప్పుడు మీకు తెలుసు, ఇంట్లో అవ్వకీ చెప్పండి.

మేము రాసినదాంట్లో తప్పులుంటే చదువుకున్న అన్నలు, అక్కలు సరిదిద్దండి. మీరైతే సంతకం పెడతారా లేదా, అదీ చెప్పండి.