మాధవరం నుంచి ఏడో ఎక్సర్‌సైజ్ దాకా

ఫిన్స్ సంచీ భుజాన వేసుకుని తెల్లవారుజామున నాలుగింటికి గడప దాటుతుంటే అమ్మ అడిగింది: “గజఈతగాళ్లలో ఉద్యోగమేమన్నా ఇచ్చారేంట్రా?”

పేపర్లో గజఈతగాళ్లు వచ్చారంటే అప్పటికే అంతా అయిపోయిందని అర్థం. నేను వెళ్తున్న రెస్క్యూ డైవర్ కోర్సు వ్యవహారం అందాకా రాకుండా చూసుకునే చదువు. సెలవుల్లో చేపల్ని చూడ్డానికి దిగే నాలాంటివాళ్లూ చేరొచ్చు. అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కోర్సు పూర్తయి, గత 24 నెలల్లో సీపీఆర్, ప్రథమ చికిత్స నేర్చుకుని ఉంటే చాలు. ఇదంతా అమ్మకు చెప్పే ఓపిక లేక పెరుగన్నం డబ్బా అందుకుని బైక్ తీశాను.

చెన్నై మాధవరం రౌండ్‌ఠాణా దగ్గర ఆవిన్ పాల లారీలు అప్పటికే బారులు తీరాయి. 2018లో ఆంధ్రా బస్సుల్ని కోయంబేడు నుంచి ఇక్కడి కొత్త బస్టాండుకు మార్చాక, ఆ వేళప్పుడు మా వీధి చివర టీకొట్టు దగ్గర వినబడేది నెల్లూరు తెలుగే. మెట్రో పనుల రేకుల మధ్య నుంచి బయటపడి, రెట్టేరి దాటి, కోయంబేడు, గిండీ, తిరువాన్మియూరు మీదుగా ఈసీఆర్ తీర రోడ్డు ఎక్కేసరికి తూర్పు తెల్లబడింది. కోవళం ఇసుకలో ఫైబర్ పడవ సిద్ధంగా ఉంది.

పడవ నడిపే అన్న 2015 డిసెంబరు వరదలో ఇలాంటి పడవనే లారీకెక్కించి నగరంలోకి తీసుకెళ్లినవాళ్లలో ఒకడట. కోర్సు సంగతి చెబితే నవ్వి, “మమ్మల్నెవరూ సర్టిఫికెట్ అడగలేదు తంబీ” అన్నాడు.

మునిగేవాడికి గడ్డిపోచ ఆధారమంటారు. ఆ గడ్డిపోచ గతేమిటో సామెత చెప్పదు. నాకు మొదటి ఉదయమే తెలిసింది. భయపడ్డవాడిలా నటిస్తున్న ఇన్‌స్ట్రక్టర్ మాస్క్ పీకేసి, రెగ్యులేటర్ ఉమ్మేసి, చేతులు కొట్టుకుంటున్నాడు. ఆత్రంగా ఎదురుగా వెళ్లాను. రెండు చేతులూ నా నెత్తిన వేసి, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేశాడు. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయాయి. అలా దొరికిపోతే కిందికి మునగాలట. వాడికి కావాల్సింది గాలి కనక వెంట రాడు. అసలు వెళ్లాల్సింది వెనక నుంచి. వాడి సిలిండర్‌ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, జాకెట్టులోకి గాలి నింపాలి. అంతవరకూ దూరంగా ఉండి మాట్లాడుతూ ఉండాలి. చూస్తూ ఆగడం ఇంత కష్టమని నేననుకోలేదు.

రెండో రోజు ఏడో ఎక్సర్‌సైజ్. నీటి మీద బోర్లా తేలుతున్నవాణ్ణి వెల్లకిలా తిప్పి, బరువులు వదిలించి, సాయం కోసం కేకేసి, అయిదు సెకన్లకోసారి ఊపిరి ఊదాలి. ఊదినట్టు నటిస్తే చాలు గానీ, లెక్క మాత్రం నిజం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఊపిరి. ఆ నాలుగంకెల సందులోనే ఒక బకిల్ ఊడదీయాలి, నాలుగు తన్నులు తన్ని పడవ వైపు లాగాలి. ఎడమ భుజం పట్టీ బిగుసుకుపోయింది. దాన్ని పీకుతూ ఇన్‌స్ట్రక్టర్ గడ్డం వదిలేశాను. ఓ చిన్న అల ముఖం మీదుగా వెళ్లింది. శవం ఒక కన్ను తెరిచి, “చచ్చాను. మళ్లీ మొదట్నుంచి” అంది.

రాత్రి మాధవరం చేరేసరికి భుజాలు పైకి లేవడం లేదు. అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ఎవర్నైనా కాపాడావా?”

“ఒక్కణ్ణే, పదకొండు సార్లు.”

“పాపం, ఈత రాదేమో.”