నూటఇరవై కుచ్చిళ్లు

విక్టోరియా రాణి కాలం నాటి గౌన్ల బొమ్మలు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ముఖ్యంగా 1870ల నాటివి. కింది అంచున వరస మీద వరసగా కుచ్చిళ్లే కుచ్చిళ్లు! కాలేజీలో ఇబ్సెన్ నాటకం 'ఎ డాల్స్ హౌస్' వేస్తున్నారనీ, నోరా పాత్ర తనదేననీ మా అమ్మాయి చెప్పాక ఆ బొమ్మలు ముందేసుకుని కూర్చున్నా. ఆ నాటకం 1879 నాటిది. చీరలకు ఫాల్ కుట్టీ, పికో చేసీ ఇల్లు గడుపుకొచ్చినదాన్ని... గౌనుకి వెనకాడతానా!

ముందు లెక్క. గౌను అంచు చుట్టుకొలత 120 అంగుళాలు. కుచ్చిలి ఒక్కటి పైకి అంగుళం కనపడాలంటే లోపల రెండంగుళాలు దాక్కుంటాయి. అంటే 360 అంగుళాల పట్టీ కావాలి. 44 అంగుళాల పన్నా ఉన్న పాప్లిన్‌లో అడ్డంగా తొమ్మిది పట్టీలు కత్తిరించి, ఒకదానికొకటి అతికా. మొత్తం 120 కుచ్చిళ్లు!

పట్టీ కింది అంచు ముందే మడిచి కుట్టేయాలి. తర్వాత అంగుళానికో సుద్దగీత. మొదటి గీత దగ్గర మడిచి మూడో గీత మీదికి తేవాలి, నాలుగోదాన్ని ఆరో గీత మీదికి. గుండుసూదులు పెట్టి, పైనా కిందా కచ్చాకుట్టు వేయాలి. కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో పల్చటి గుడ్డ తడిపి, పరిచి ఇస్త్రీ చేస్తే మడతలు బాగా నిలుస్తాయి. రంగు పోతుందేమో ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి. ఇస్త్రీపెట్టెను రుద్దకూడదు, ఎత్తి నొక్కాలి. బాగా ఆరాకే గౌనుకి కుట్టి, కుట్టు కనపడకుండా పైన రిబ్బను వేయాలి.

'అడుగున ఉండే అంచుకి ఇంత చాకిరీనా!' అంది పక్కింటావిడ. అసలు సంగతి అక్కడే ఉంది. ఆ కాలపు పొడుగాటి గౌన్లకి లోపలివైపు కూడా ఓ కుచ్చిళ్ల పట్టీ ఉండేది. ఫ్రెంచిలో దాని పేరు 'బలేయూజ్'. ఊడ్చే ఆమె అని అర్థం! వీధి దుమ్మంతా అదే మోసేది. మాసిపోతే విప్పి, ఉతికి, మళ్లీ కుట్టుకునేవారు. మన చీరకి ఫాల్ చేసే పనే కదా! తను అరిగి, పైబట్టను కాపాడుతుంది.

ఇంకో విచిత్రం. సింగర్ కుట్టుమిషనుకు 1851లో పేటెంటు వచ్చింది. మిషన్లు ఇళ్లలోకీ వచ్చాయి. మరి పని తగ్గాలిగా? తగ్గలేదు. కుచ్చిళ్లు పెరిగాయి! ఒక వరస కుట్టే సమయంలో నాలుగు వరసలు కుట్టొచ్చంటే, నాలుగూ కావాలన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. 'మిషనుందిగా, అయిదు నిమిషాల పనేగా' అంటూ బేరమాడేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నా.

ఓ రాత్రి మా అమ్మాయి సాయానికి కూర్చుంది. ముప్ఫై కుచ్చిళ్లకి సూదులు పెట్టేసరికి నడుం పట్టేసింది.

'అమ్మా, ఇదే బయటివాళ్లకైతే ఎంత తీసుకుంటావ్?' అంది.

'ఏదో... వాళ్లిచ్చినంత' అన్నా.

తను మాట్లాడకుండా కాగితం తీసుకుని, ఏ పనికి ఎంతసేపు పట్టిందో అడిగి రాసింది. ఒక్క అంచుకే పదకొండు గంటలు! ఆ కాగితాన్ని మిషను పక్కన గోడకి అంటించా. ఇప్పుడెవరైనా 'అయిదు నిమిషాల పనేగా' అంటే నవ్వుతూ అటు చూపిస్తున్నా. బేరాలు కాస్త తగ్గాయి.