అడ్డంగా పెట్టిన ఇంజిన్

మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం. మాకు బాగా ఇష్టమైన కారు ఇటలీలో తయారైన లంబోర్గిని మియురా. దాన్ని ఫొటోల్లోనే చూశాం. అందరూ దాని అందాన్ని మెచ్చుకుంటారు. మాకు మాత్రం అందులో ఇంజిన్ పెట్టిన తీరు నచ్చింది.

ట్రాక్టర్లు తయారుచేసే ఫెరూచియో లంబోర్గిని 1963లో కార్ల కంపెనీ పెట్టారు. రేసు కారులో లాగా సీట్ల వెనక ఇంజిన్ ఉండే రోడ్డు కారు చెయ్యాలని అక్కడి యువ ఇంజనీర్లు దల్లారా, స్టాంజానీల కోరిక. కానీ 12 సిలిండర్ల ఇంజిన్ చాలా పొడవు. నిలువుగా పెడితే కారు మరీ పొడవైపోతుంది. అందుకని దాన్ని అడ్డంగా తిప్పారు. గేర్‌బాక్సును కూడా ఇంజిన్‌తో కలిపి ఒకే అచ్చులో పోశారు. చోటు సరిపోయింది!

1965లో ట్యూరిన్ ప్రదర్శనలో బాడీ లేని ఛాసిస్‌నే చూపించారు. మరుసటి ఏడాది జెనీవాలో బాడీతో సహా కారు వచ్చింది. ఆ రూపం గీసిన గాండీనీకి అప్పుడు 27 ఏళ్ళే.

నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడల్లా అమ్మ లారీలో సామాను ఇలాగే సర్దిస్తుంది. బీరువా నిలువుగా పట్టకపోతే అడ్డంగా తిప్పమంటుంది. అయినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. పోయినసారి మా గులాబీ కుండీలు పక్కింటివాళ్ళకు ఇచ్చి వచ్చాం.

మియురాకూ ఇబ్బందులు తప్పలేదు. ఇంజిన్ వేడి, చప్పుడు సీట్ల వెనకే. పెట్రోలు ట్యాంకు ముందువైపు ఉండేది. అది ఖాళీ అయ్యేకొద్దీ ముందుభాగం తేలికై, ఎక్కువ వేగంలో పైకి లేవబోయేది.

అయినా వాళ్ళు పెద్ద ఇంజిన్‌ను వదులుకోలేదు. చోటు చాలనప్పుడు ముందు తిప్పి చూడాలని మేం నేర్చుకున్నాం. రేపు మేం ఇంజనీర్లమైతే ఇది తప్పక పనికొస్తుంది.