ఏలూరు – కొల్లేరు

రెండు దినములు తీరిక దొరికినచో ఏలూరునకుఁ బోయి రండు. కృష్ణా గోదావరుల కాలువలు కలిసికొను నగర మిది. చేరువనున్న పెదవేగి వేంగీ చాళుక్యుల రాజధానిగా నుండిన చోటు. చేతితో ముడులువైచి నేయు ఏలూరి యున్ని తివాచీలు 1851లో లండను ప్రదర్శనమునఁ జూపఁబడినవి.

మఱునాఁడు కొల్లేటి కరుగుఁడు. ఆటపాకయొద్ద గూడబాతులు పిల్లలను బెంచుట చూడవచ్చును. కొల్లేటికోటలోఁ బెద్దింట్లమ్మను దర్శింపవచ్చును. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీ రిచట నిలిచి, ఉప్పుటేటి మార్గమున సముద్రముఁ జేరును. చేపల చెఱువుల గట్లు సరస్సు నాక్రమింపఁగాఁ బ్రభుత్వము 2006లో పెక్కింటిని త్రెంపించెను. ఆ చెఱువులే జీవనాధారమైన లంక గ్రామముల కుటుంబములకు నాఁడు దుఃఖము మిగిలెను. పక్షికి నీరును, బీదకుఁ గూడును రెండును వలయును. తమ్మిలేటఁ బడవైచిన చెత్త తుదకుఁ గొల్లేటికే పోవునని యెఱిఁగి మెలఁగుట మన చేతిలోని పని.