నేలమాళిగలోని రైలుబాట

రైలుబండ్లతో ఆడుకొను వయస్సు నాకు దాటిపోయి చాలకాలమైనది. అయినను 2023వ సంవత్సరమున, అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రములో, మా అన్నయ్య ఇంటి నేలమాళిగలో బల్ల క్రింద వెల్లకిల పండుకొని మూడు నెలలు బొమ్మరైలుకు తీగలు కట్టితిని. అది ఎట్లు జరిగినదో చెప్పెదను.

మా నాయనగారు గూడూరు, విజయవాడల నడుమ ఒక చిన్న స్టేషనులో పాయింట్సుమన్. బిట్రగుంట షెడ్డు యింజన్ల కూతతోనే మాకు తెల్లవారెడిది. అన్నయ్య నాకంటె పదేండ్లు పెద్ద. ఆయన చదువుకొని సముద్రము దాటెను, నేను సెమినరీకి పోతిని. 2014లో నాయనగారు పోయినప్పుడు అన్నయ్య రాలేదు. మూడు దినములు శవమును ఐసుపెట్టెలో ఉంచి కనిపెట్టుకొంటిమి. సమాధి చేసిన రాత్రి నేను ఫోనులో ఆయనను అనరాని మాటలంటిని. క్షమాపణను గూర్చి ఆదివారములు ప్రసంగించు నోటితోనే అంటిని. తరువాత తొమ్మిదేండ్లు మా మధ్య మాటలు లేవు.

అంతలో వదిన ఫోను చేసెను. “మీ అన్నయ్యకు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది అబ్బాయీ. క్రింద ఆ రైలు సగంలో ఆగిపోయింది, మనిషీ అట్లాగే ఉన్నారు. ఒకసారి వచ్చిపో.”

వెళ్లితిని. అన్నయ్య నన్ను చూచి ఏమియు అనక, ఒక నోటుపుస్తకమును నా ముందుంచెను. అందులో గీతలతో, కొలతలతో మా స్టేషను ఉండెను.

ఆ దేశములో ఇండ్ల క్రింద గదులుండుట సామాన్యము. బయట మంచు కురియుచుండగా అనేకులు అందులో రైలుబాటలు కట్టుకొందురు. వారికి 1935లో ఏర్పడిన జాతీయ సంఘమొకటి కలదు. ఎవరి బండియైనను ఎవరి పట్టాలపైనను నడుచునట్లు కొలతలు నిర్ణయించుట దాని పని. అన్నయ్య ఎంచుకొన్నది నిజమైన దానిలో 87వ వంతు. ఆ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు గనుక, లెక్కప్రకారము 19 దాటవలెను. అంగళ్లలో దొరకునవి ఆ దేశపు గేజికి సరిపడినవి. “మన బండికి ఇరుకు చెప్పులు తొడిగినట్టుంది గదరా” అని ఆయన నవ్వెను. ఆ యింట నేను విన్న మొదటి నవ్వు అదియే.

స్థలము చాలకపోవుట ఆ పనిలో పెద్ద చిక్కు. మన గూడ్సుబండి పూర్తిగా నిలుచు లూపులైను 686 మీటర్లనిన, బల్లమీద 26 అడుగులు కావలెను. గోడ పొడవే 24 అడుగులు. గనుక లూపును పది అడుగులకు కుదించెను. బల్ల వెడల్పు 30 అంగుళములు మించకూడదు. ఆవలి అంచున పెట్టె పట్టాలు తప్పిన చేయి అందదు. బండి తిరిగివచ్చుటకై రెండు కొసలలోను గుండ్రని మలుపులు పెట్టెను. ఇచ్చటనే తీగల తంటా వచ్చినది. రెండు పట్టాలలో ఒకటి కరెంటు వచ్చుటకు, ఒకటి పోవుటకు. మలుపు తిరిగి అదే బాటలో కలిసినప్పుడు ఎడమ పట్టా కుడి పట్టాను తాకును. తాకిన క్షణమే షార్టు. అందుచేత మలుపు రెండు కొసలలోను, రెండేసి పట్టాలను కోసి సందు వదలి, ఆ భాగమునకు వేరుగా కరెంటు ఇచ్చి, బండి దాటునప్పుడు దిక్కు మార్చు పరికరమును పెట్టవలెను. ఆ భాగము మన పొడవైన బండికంటె పొడవుగా ఉండవలెను. ఈ సంగతి నా బుర్రకెక్కుటకు రెండు వారములు పట్టినది. హెబ్రీ క్రియారూపములే నాకు సులువుగా వచ్చెను.

బల్ల క్రింద పొడుగునా రెండు లావుపాటి తీగలు. ప్రతి పట్టా ముక్కనుండి వాటికి సన్నని తీగ దించి మాటు వేయవలెను. అన్నయ్య ఎడమచేత టార్చి పట్టుకొని కూర్చుండి చెప్పుచుండెను. పని అయిన తరువాత పరీక్ష: 25 సెంట్ల నాణెమును పట్టాలకు అడ్డముగా ఉంచవలెను. వెంటనే కరెంటు తెగిపోయిన తీగలు మంచివి. తెగనిచో ఎక్కడో లోపమున్నది, తీగ కాలును. దూరపు కొసలో తెగలేదు. చూడగా నేను వేసిన మాటే. చల్లారకముందే తీగ కదపితిని గనుక అతికినట్టు కనబడుచున్నదేగాని అతుకలేదు.

దానిని మరల వేయుచుండగా, ముఖము కనబడని ధైర్యముతో, “అన్నయ్యా, ఆ రాత్రి నేనన్న మాటలు తప్పు” అంటిని. చాలసేపు ఊరకుండెను. పిమ్మట, “ఆ నెలే నా ఉద్యోగం పోయిందిరా. టిక్కెట్టుకు డబ్బులేదని నీతో చెప్పుకోలేకపోయాను” అనెను. ఎందుకు రాలేదని నేను ఒక్కసారియైనను అడిగియుండలేదు.

మరునాడు వేపచెట్టు క్వార్టర్సుకు ఏ ప్రక్కనుండెనో అని ఇద్దరము పోట్లాడితిమి. నేను చెప్పినదే నిజమని యిప్పటికిని నా నమ్మకము. అప్పుడు ఆయన పెన్సిలు దింపి, “నాన్నను ఎక్కడ పెట్టార్రా?” అని అడిగెను. ప్లాటుఫారము చివరనుండి తూర్పుగా ఒక ఫర్లాంగు అని చెప్పితిని. ఫర్లాంగనగా 660 అడుగులు. 87 పెట్టి భాగించిన ఏడడుగుల ఏడంగుళములు. టేపు పట్టి చూడగా బల్ల దాటి, నడవ దాటి, వేడినీళ్ల ట్యాంకు ప్రక్కన తేలినది.

“లూపును కుదించినట్లే దీన్నీ కుదించుదాం” అంటిని.

“అన్నీ కుదించాం. ఇది వద్దు” అనెను.

నడవకు అడ్డముగా, కావలసినప్పుడు ఎత్తిపెట్టుటకు బందులు వేసి, అడుగు వెడల్పు పలక నొకదానిని అమర్చితిమి. దానిమీద పట్టాలు లేవు. దీపములకు వేరుగా వేసిన 12 వోల్టుల తీగనుండి ఒక కొసను అంతవరకు లాగి, గోరంత దీపము నొకటి పెట్టితిని. అన్నయ్య టార్చి పట్టుకొని వంగి చూచుచు, “చల్లారేదాకా కదపకురా” అనెను.

నేను కదపలేదు.